సుంకం లేకున్నా ఆగే లారీ: బ్రిటన్–ఐరోపా సరిహద్దు మార్పులు, వ్యవసాయోత్పత్తుల రవాణా

వ్యవసాయోత్పత్తుల అంతర్జాతీయ వాణిజ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా చర్చ సుంకం చుట్టూనే తిరుగుతుంది. సుంకం పెరిగితే ఎగుమతి తగ్గుతుందనీ, సుంకం ఎత్తివేస్తే సరుకు సాఫీగా సాగుతుందనీ పాఠ్యపుస్తకాల నుంచి పత్రికల దాకా వ్యాపించిన అభిప్రాయం. ఇది సగం నిజమే. మిగిలిన సగం ఏమిటో తెలిపిన సందర్భం ఇటీవలి చరిత్రలో ఒకటి ఉంది. 2020 డిసెంబరు 31 రాత్రి, లండన్ కాలమానం ప్రకారం 11 గంటలకు, బ్రిటన్ ఐరోపా సమాఖ్య ఏక విపణి నుంచి, కస్టమ్స్ కూటమి నుంచి వైదొలగింది. అంతకు వారం ముందు, డిసెంబరు 24న, ఉభయపక్షాలూ వాణిజ్య, సహకార ఒప్పందానికి అంగీకరించాయి. దాని ప్రకారం ఆ రెండు ప్రాంతాలలో పుట్టిన సరుకులపై సుంకమూ లేదు, పరిమాణ పరిమితీ లేదు. అయినా జనవరి మొదటి వారాల్లోనే స్కాట్లాండ్ నుంచి ఫ్రాన్సుకు వెళ్లే చేపలు, రొయ్యలు దారిలో నిలిచిపోయాయి. స్కాట్లాండ్ విత్తన బంగాళాదుంపకు ఐరోపా విపణి పూర్తిగా మూతపడింది. ఈ రెంటిలో దేనికీ కారణం సుంకం కాదు.

ఒక్క అంశాన్ని మార్చి, తక్కినవన్నీ స్థిరంగా ఉంచి, ఫలితాన్ని చూడటం వ్యవసాయ శాస్త్రవేత్తకు అలవాటైన పద్ధతి. సరఫరా గొలుసుల విషయంలో అటువంటి ప్రయోగం అరుదుగా దొరుకుతుంది. ఇక్కడ నేల మారలేదు, పంట రకం మారలేదు, కోత పద్ధతి గాని, దారి గాని, ఓడ గాని మారలేదు. మారినది సరిహద్దు ఏర్పాటు. అయితే కొవిడ్ అదే సమయంలో కలిసి వచ్చింది. కొత్త రకం వైరస్ భయంతో 2020 డిసెంబరు 20న ఫ్రాన్స్ తన సరిహద్దును 48 గంటలపాటు మూసివేయగా ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో వేల లారీలు బారులు తీరాయి. కనుక 2021 తొలి నెలల అంకెలను చదివేటప్పుడు ఏది వైరస్ ఫలితమో, ఏది నిబంధన ఫలితమో విడదీయడం సులభం కాదు. సరిహద్దు నిబంధన సరుకు మీద ఏయే దారుల్లో పనిచేస్తుందన్నదే ఈ వ్యాసంలో ప్రధానాంశం. ఆ దారులు తెలిస్తే అంకెలను అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

ఆగకుండా సాగేందుకు కట్టిన వ్యవస్థ

1993 జనవరి 1న ఐరోపా ఏక విపణి అమలులోకి వచ్చినది మొదలు ఇరవై ఎనిమిదేళ్లపాటు బ్రిటన్ ఆహార సరఫరా వ్యవస్థ సరిహద్దు లేదన్న ధీమాతోనే ఎదిగింది. శీతాకాలంలో బ్రిటన్ ప్రజలు తినే లెట్యూస్, బ్రాకలీ, టమాటాలలో అధిక భాగం ఆగ్నేయ స్పెయిన్‌లోని మూర్సియా, అల్మేరియా ప్రాంతాల నుంచి శీతల లారీలలో వస్తుంది. ఆ లారీ పొలం వద్ద నింపినది నింపినట్టే ఓడలోకి ఎక్కి, అవతలి ఒడ్డున దిగి, నేరుగా గిడ్డంగికి చేరేది. కర్నూలు నుంచి బయలుదేరిన ఉల్లి లారీ అనంతపురం చేరినట్టే అల్మేరియా లారీ మాంచెస్టర్ చేరేది.

కలే, డోవర్ రేవుల మధ్య ఓడ ప్రయాణం గంటన్నర మాత్రమే. సముద్రగర్భ సొరంగంలో రైలు మీద అయితే 35 నిమిషాలు. కంటైనర్ ఓడరేవులలో సరుకు దిగి కొన్నాళ్లు యార్డులో ఉంటుంది కాబట్టి ఆ వ్యవధిలో పత్రాలు, తనిఖీలు పూర్తవుతాయి. లారీయే ఓడలోకి ఎక్కి దిగే పద్ధతిలో ఆ వ్యవధి అసలు లేదు. పైగా డోవర్ రేవు సుద్దకొండకూ సముద్రానికీ మధ్య ఇరుకున ఉంది. లారీలను ఆపి విప్పి చూసేందుకు అక్కడ స్థలమే లేదు. అందుకే తరువాతి కాలంలో తనిఖీ కేంద్రాన్ని రేవుకు సుమారు 35 కిలోమీటర్లు లోపల, సెవింగ్టన్ వద్ద ఏర్పాటు చేయవలసి వచ్చింది. సరిహద్దు ఒకచోట, తనిఖీ మరొకచోట అయితే మధ్యదారిలో సరుకు దించరన్న హామీ ఏమిటని విమర్శకులు అడిగిన ప్రశ్న సహేతుకమైనదే.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో సాగిన ప్రయోగం మన దేశంలో ఉంది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలైన మూడు రోజుల్లోనే 22 రాష్ట్రాలు తమ సరిహద్దు చెక్‌పోస్టులను ఎత్తివేశాయి. అంతకుముందు రాష్ట్ర సరిహద్దులో లారీ డ్రైవర్లు గడిపిన రాత్రులు తెలిసిన పాఠకులకు బ్రిటన్ అనుభవం కొత్తగా తోచదు. మనం ఎక్కి వచ్చిన మెట్లే బ్రిటన్ దిగింది.

గంటకు కట్టే ధర

సుంకం సరుకు విలువపై పడుతుంది. సరిహద్దు ఆలస్యం సరుకు ఆయుష్షుపై పడుతుంది. ఈ తేడా ఉక్కు, బట్టల వర్తకులకంటే ఉద్యాన శాస్త్ర విద్యార్థికి త్వరగా బోధపడుతుంది. కోసిన ఆకుకూర, పండు, పువ్వు శ్వాసిస్తూనే ఉంటాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం రెండు మూడు రెట్లవుతుంది. వారం పది రోజుల నిల్వ ఆయుష్షు ఉన్న సరుకుకు ఒక రోజు ఆలస్యం అంటే అమ్మకానికి మిగిలిన కాలంలో పదో వంతు కంటే ఎక్కువే పోవడం. శీతల లారీ నిలిచి ఉన్నా దాని చలియంత్రం డీజిలు తాగుతూనే ఉంటుంది. తనిఖీ కోసం తలుపు తెరిస్తే బయటి తేమగాలి లోపలి చల్లని పెట్టెలపై నీటి బిందువులుగా పేరుకుంటుంది. స్ట్రాబెర్రీ, ద్రాక్ష, గులాబీలపై బూడిద బూజు తెగులు కలిగించే బోట్రైటిస్‌కు అంతకంటే అనువైన పరిస్థితి వేరే అక్కరలేదు. ఆ నష్టం సరిహద్దు వద్ద కనిపించదు, రెండు మూడు రోజుల తరువాత దుకాణంలో బయటపడుతుంది. అందువల్ల కస్టమ్స్ లెక్కలలో అది ఎక్కడా నమోదు కాదు.

డ్రైవరు పని గంటలు మరొక పరిమితి. ఐరోపా నియమాల ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటల తరువాత 45 నిమిషాలు ఆగాలి, రోజుకు సాధారణంగా 9 గంటలకు మించి నడపరాదు. దినమంతటి పనికి కూడా హద్దు ఉంది గనుక వరుసలో గడిపిన సమయం ఆ రోజు ప్రణాళికను తలకిందులు చేస్తుంది. రెండు గంటల ఆలస్యం తప్పనిసరి విశ్రాంతికి దారితీసి, తెల్లవారుజాము మార్కెట్‌ను తప్పించి, చివరికి ఒక పూర్తి రోజు ఆలస్యంగా తేలవచ్చు.

తిరుగు లోడు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లారీ కిరాయి రెండువైపుల సరుకు ఉంటుందన్న అంచనాపై నిర్ణయమవుతుంది. బ్రిటన్ నుంచి ఐరోపాకు సరుకు ఎక్కిస్తే పత్రాల చిక్కులో పడతామని భయపడిన రవాణాదారులు ఖాళీగా తిరిగి వెళ్లడమే మేలనుకున్నారు. అప్పుడు వెళ్లే దారి ఖర్చూ వచ్చే దారి ఖర్చూ కలిపి వచ్చే సరుకు మీదే పడింది. ఎగుమతికి పెట్టిన అడ్డంకి దిగుమతి కిరాయిని పెంచిందన్నమాట.

ఒక్క తప్పు, ఇరవై మంది సరుకు

2021 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య తన నిబంధనలను బ్రిటన్ సరుకుపై పూర్తిగా అమలు చేసింది. ఎగుమతి ప్రకటన, దిగుమతి ప్రకటన, ముందస్తు సమాచారం తప్పనిసరి అయ్యాయి. మొక్కలకూ మొక్కల ఉత్పత్తులలో చాలావాటికీ ఫైటోశానిటరీ ధ్రువపత్రం, జంతు ఉత్పత్తులకు పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావలసి వచ్చాయి. సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్ సైతం తప్పించుకోలేదు. చెక్క మధ్యభాగం వరకు 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి, ఆ మేరకు ముద్ర వేసిన ప్యాలెట్లనే అనుమతించే అంతర్జాతీయ ప్రమాణం అంతవరకు బ్రిటన్–ఐరోపా రవాణాకు వర్తించేది కాదు, ఆ రోజు నుంచి వర్తించింది.

పెద్ద కంపెనీలు ఈ పత్రాలను సిబ్బందితో, సాఫ్ట్‌వేర్‌తో ఎదుర్కొన్నాయి. ఒకే వస్తువుతో నిండిన లారీకి ఒకే పత్రాల కట్ట సరిపోతుంది. చిన్న ఉత్పత్తిదారు సంగతి వేరు. అతని సరుకు లారీలో ఒక మూలకు సరిపోయేంతే ఉంటుంది గనుక పలువురి సరుకు కలిపి ఒకే లారీలో పంపడం ఆచారం. స్కాట్లాండ్ మత్స్యకారుల సరుకు అలాగే వెళ్లేది. లారీలోని ఏ ఒక్కరి పత్రంలో తప్పున్నా లారీ మొత్తం ఆగుతుంది. ఆ జనవరిలో కొందరు రవాణాదారులు ఇలా కలిపి పంపే సేవను కొన్నాళ్లు నిలిపివేశారు. జనవరి 18న మత్స్య ఎగుమతిదారులు తమ లారీలను లండన్‌లోని పార్లమెంటు భవన పరిసరాలకు నడిపి నిరసన తెలిపారు.

దీని వెనుక ఉన్న గణితం విద్యార్థులు ఒకసారి చేసి చూడదగినది. ఒక్కొక్కరి పత్రాలు దోషరహితంగా ఉండే అవకాశం నూటికి 98 అనుకొంటే, ఒకే సరుకుదారు ఉన్న లారీ సాఫీగా దాటే సంభావ్యత 0.98. పది మంది సరుకు కలిస్తే అది 0.98ను పదిసార్లు గుణించగా వచ్చే 0.82. ఇరవై మంది అయితే 0.67. నలభై మంది అయితే 0.45. ఎవరి జాగ్రత్తలోనూ లోపం లేదు, అందరూ నూటికి 98 వంతులు సరిగానే చేశారు, అయినా నలభై మంది కలిసిన లారీ సగానికంటే ఎక్కువ సార్లు ఆగుతుంది. ఒక్కొక్కరి తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ ఈ లెక్కలో ఉంది. ఒకే ఏజెంటు అందరి పత్రాలూ నింపితే ఆ ఊహ కొంత సడలుతుంది. కాని దిశ మారదు.

రుసుములలో కూడా ఇదే ధోరణి. 2024 ఏప్రిల్ 30 నుంచి డోవర్ రేవు, సొరంగ మార్గాల గుండా బ్రిటన్‌లోకి వచ్చే, తనిఖీకి అర్హమైన మొక్కల, జంతు ఉత్పత్తులపై ఒక ఉమ్మడి రుసుము విధించారు. అది తక్కువ ప్రమాదం గల వస్తువుకు 10 పౌండ్లు, మధ్యస్థ లేదా అధిక ప్రమాదం గల వస్తువుకు 29 పౌండ్లు. ఒక దిగుమతి పత్రంలో ఎన్ని వస్తువులున్నా అయిదింటికే లెక్కించి 145 పౌండ్ల వద్ద ఆపుతారు. లారీని నిజంగా తనిఖీ చేసినా చేయకపోయినా రుసుము కట్టవలసిందే. మధ్యస్థ ప్రమాద వర్గంలోని ఒకే వస్తువును 20 టన్నులు తెచ్చే వ్యాపారికి ఇది కిలోకు 0.145 పెన్నీ. అయిదు రకాలు కలిపి 200 కిలోలు తెప్పించుకొనే చిన్న దుకాణదారుకు కిలోకు 72.5 పెన్నీలు. తేడా 500 రెట్లు. గరిష్ఠ పరిమితి పెట్టి చిన్నవారికి మేలు చేశామని ప్రభుత్వం చెప్పుకొంది. కాని రుసుము బరువును బట్టి గాక పత్రాన్ని బట్టి ఉన్నంతకాలం చిన్న సరుకుదారు భారం తగ్గదు. సుంకం అయితే నూటికి ఇంత అని అందరి మీదా ఒకే నిష్పత్తిలో పడేది. సరిహద్దు ఏర్పాటు మారినప్పుడు పడే భారం పత్రానికి ఇంత, నిలుపుదలకు ఇంత అన్న లెక్కన పడుతుంది. సరుకు ఎంత చిన్నదైతే, ఎంత కలగలుపైతే, అంత బరువు.

వాయిదాల ఖర్చు

ఐరోపా వైపు తొలిరోజు నుంచే తనిఖీలు ఉండగా, బ్రిటన్ తన వైపు దిగుమతి తనిఖీలను అయిదుసార్లు వాయిదా వేసింది. దుకాణాలలో కొరత రాకూడదన్నది దాని ఉద్దేశం. ఫలితంగా మూడేళ్లకు పైగా ఐరోపా రైతు సరుకు బ్రిటన్‌లోకి దాదాపు పూర్వం వలెనే వచ్చింది. బ్రిటన్ రైతు సరుకు మాత్రం అవతల పూర్తి తనిఖీకి గురైంది. ఎవరి సరిహద్దును వారే సడలించుకొని తమ రైతునే నష్టపరచుకొన్న ఉదాహరణగా దీనిని చూడవచ్చు. 2023 ఆగస్టులో ప్రకటించిన కొత్త విధానం కింద 2024 జనవరి 31న ధ్రువపత్రాలు, ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలయ్యాయి. ఐరోపా పండ్లు, కూరగాయలపై తనిఖీ మాత్రం మళ్లీ మళ్లీ వెనక్కి జరిగి 2027 జనవరికి చేరింది. ఈలోగా పోర్ట్స్‌మౌత్ వంటి రేవులు తొలి నిబంధనలను నమ్మి కట్టిన తనిఖీ కేంద్రాలు అవసరానికి మించినవిగా మిగిలాయి. కఠినమైన నిబంధనకైనా వ్యాపారి సర్దుకోగలడు. నెలనెలా మారే తేదీకి ఎలా సర్దుకుంటాడు?

అయితే తనిఖీలే వద్దన్న వాదన వ్యవసాయ శాస్త్రం అంగీకరించదగినది కాదు. 2012 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆష్ చెట్ల ఎండు తెగులు మొదటిసారి బయటపడింది బకింగ్‌హామ్‌షైర్‌లోని ఒక నర్సరీలో, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మొక్కలపై. సరిహద్దు లేని విపణిలో మొక్కతోపాటు శిలీంధ్రమూ ఆగకుండా ప్రయాణించింది. 2021–22లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిర్చి తోటలను పాడుచేసిన నల్ల తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్, కూడా బయటి నుంచి మన దేశంలోకి ప్రవేశించినదే. ఆ సంవత్సరం తోటలు పీకివేసిన రైతుకు మొక్కల క్వారంటైన్ ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. కాబట్టి ప్రశ్న తనిఖీ ఉండాలా వద్దా అన్నది కాదు, ఎక్కడ, ఎవరి చేత అన్నది. 2021 నుంచి 2024 ఏప్రిల్ దాకా ఐరోపా నుంచి వచ్చే అధిక ప్రమాద మొక్కలను బ్రిటన్ అధికారులు చేరవలసిన నర్సరీలోనే పరీక్షించేవారు. అక్కడ మొక్కను దించేది మొక్క తెలిసినవారు. ఆ తరువాత పరీక్ష సరిహద్దు కేంద్రానికి మారింది. వ్యాధిని తలుపు వద్దే ఆపాలన్న తర్కం దీనికి అనుకూలం. లేత మొక్కలను దారిమధ్యలో దించి ఎక్కించడం ప్రతికూలం. రెండు వాదనలలోనూ బలం ఉంది.

విత్తన దుంప, చక్రానికి అంటిన మట్టి

సరిహద్దు మార్పు లోతుగా తాకినది విత్తన బంగాళాదుంపను. స్కాట్లాండ్ చల్లని, గాలి వీచే వాతావరణంలో పేనుబంక ఉధృతి తక్కువ. కనుక వైరస్ తెగుళ్లు తక్కువగా సోకిన విత్తన దుంప అక్కడ తయారవుతుంది. మన జహీరాబాదు రైతులు ఉత్తరాది నుంచి విత్తన దుంప తెప్పించుకొన్నట్టే ఇంగ్లండ్, ఐర్లండ్ రైతులు, ఐరోపాలోని పలువురు రైతులు స్కాట్లాండ్ దుంపపై ఆధారపడేవారు. ఐరోపా సమాఖ్య మొక్కల ఆరోగ్య చట్టం బయటి దేశాల నుంచి విత్తన బంగాళాదుంప రాకను నిషేధిస్తుంది. స్విట్జర్లాండ్‌కు మాత్రం మినహాయింపు. 2021 జనవరి 1న బ్రిటన్ బయటి దేశమైంది. 2020 శరత్తులో అదే క్షేత్రంలో, అదే పరీక్షాధికారి ధ్రువీకరించిన దుంప డిసెంబరులో అర్హమైనది, జనవరిలో నిషిద్ధమైనది. దుంపలో జీవశాస్త్రపరంగా మారినది ఏమీ లేదు. భవిష్యత్తులో కూడా ఐరోపా చట్టాన్ని అనుసరిస్తామని బ్రిటన్ కట్టుబడితే తప్ప సమానత్వ గుర్తింపు ఇవ్వబోమని ఐరోపా, కట్టుబడబోమని బ్రిటన్ పట్టుబట్టాయి. ఐరోపా దుంపకు బ్రిటన్ ఇచ్చిన తాత్కాలిక అనుమతి కూడా 2021 జూన్ 30తో ముగిసింది.

ఇక్కడ కాలవ్యవధుల తేడాను గమనించాలి. నిబంధన ఒక అర్ధరాత్రి మారుతుంది. విత్తన గొలుసు మాత్రం ప్రయోగశాలలోని కణజాల మొక్క నుంచి చిన్న దుంపకూ, అక్కడి నుంచి తరతరాలుగా క్షేత్ర ఉత్పత్తికీ సాగి, రైతు చేతికి వచ్చేసరికి అనేక సంవత్సరాలు పడుతుంది. 2021లో అమ్మవలసిన విత్తనానికి పునాది వేసినప్పుడు సరిహద్దు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. లారీ దారి మార్చుకోగలదు, నాలుగేళ్ల క్రితం నాటిన దుంప మార్చుకోలేదు. ఐర్లండ్‌లో చిప్స్‌కు వాడే రకాల విత్తనానికి బ్రిటన్‌పై ఆధారపడిన రైతులకు స్వదేశీ విత్తనోత్పత్తి పెంచుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఉత్తర ఐర్లండ్‌లో పరిస్థితి మరింత విచిత్రం. అది బ్రిటన్‌లో భాగమే. కాని ఐర్లండ్ ద్వీపం మధ్యలో సరిహద్దు గోడ రాకుండా ఉండేందుకు మొక్కల ఆరోగ్యం విషయంలో ఐరోపా నియమాలలోనే ఉండిపోయింది. ఆ విధంగా ఒకే దేశంలోని రెండు భాగాల మధ్య, సముద్రంలో, ఒక సరిహద్దు వెలసింది. బయటి దేశపు మట్టిని ఐరోపా నియమాలు అనుమతించవు. బంగాళాదుంప సిస్టు నులిపురుగు వంటివి మట్టితోనే వ్యాపిస్తాయి గనుక ఆ నియమం శాస్త్రీయమైనదే. కాని దాని ఫలితంగా స్కాట్లాండ్‌లో కొన్న పాత ట్రాక్టరును సముద్రం దాటించాలంటే చక్రాలకు అంటిన మట్టి పూర్తిగా కడిగి, ఫైటోశానిటరీ ధ్రువపత్రం తీసుకోవలసి వచ్చింది. మట్టితో కూడిన తోటమొక్కలు, విత్తన దుంపలు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరి 27న ప్రకటించిన విండ్సర్ ఒప్పందం దీనిని సడలించింది. నమోదైన ఉత్పత్తిదారులు ఒక మొక్కల ఆరోగ్య లేబులు అతికించి విత్తన దుంపలను, మొక్కలను, వాడిన యంత్రాలను పంపవచ్చు. తనిఖీ భారం సరిహద్దు నుంచి నమోదైన పొలానికి మళ్లింది. ఈ మార్పులలో శాస్త్రం ఎక్కువగా కనిపించేది ఇదే.

దారి మళ్లిన లారీలు

2021కి పూర్వం ఐర్లండ్ నుంచి ఐరోపా ఖండానికి ఏటా సుమారు లక్షన్నర లారీలు బ్రిటన్ భూభాగం మీదుగా వెళ్లేవి. డబ్లిన్ నుంచి ఓడ, ఇంగ్లండ్ రోడ్లు, మళ్లీ డోవర్ నుంచి ఓడ. ఆ దారిలో రెండుసార్లు సరిహద్దు దాటవలసి రావడంతో రవాణాదారులు నేరుగా సముద్రమార్గం పట్టారు. ఐర్లండ్ ఆగ్నేయ కొనలోని రాస్‌లేర్ నుంచి ఫ్రాన్సులోని డన్‌కర్క్‌కు 2021 జనవరి 2న కొత్త ఓడ మొదలైంది. ప్రయాణం సుమారు 24 గంటలు. డబ్లిన్–ఇంగ్లండ్ దారి కంటే నెమ్మది, ఖరీదు, అయినా ఎప్పుడు చేరుతుందో ముందే తెలుస్తుంది. తాజా సరుకుల రవాణాలో వేగం కంటే నమ్మకమైన వేళకే విలువ ఎక్కువ అని ఈ మళ్లింపు చూపుతుంది. బ్రిటన్ గిడ్డంగుల నుంచి ఐర్లండ్ దుకాణాలకు సరుకు పంచే పద్ధతి కూడా దెబ్బతిన్నది. స్పెయిన్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో కేవలం పెట్టెలు మార్చుకొన్న సరుకు ఐర్లండ్‌కు చేరేసరికి, ఐరోపాలోనే పుట్టినదైనా, జన్మస్థాన నియమాల కింద సుంక రహిత హోదా కోల్పోతుంది. సుంకమే లేదన్న ఒప్పందంలో సుంకం దొడ్డిదారిన ఇలా వచ్చింది.

కలిపి పంపే రైతు సంఘాలు

2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య భారతీయ మామిడిని, వంకాయ, కాకర, పొట్ల, చేమలను నిషేధించిన ఉదంతం మన విస్తరణ శాస్త్రవేత్తలకు గుర్తుండే ఉంటుంది. 2013లో మన దేశం నుంచి వెళ్లిన 207 కన్‌సైన్‌మెంట్లలో పండుఈగ వంటి పురుగులు కనబడటం అందుకు కారణం. మామిడిపై ఆ నిషేధాన్ని 2015 ఆరంభంలో ఎత్తివేశారు. అప్పుడు మన పండుకు ప్రధాన కొనుగోలుదారైన బ్రిటన్ ఐరోపా నిర్ణయానికే కట్టుబడవలసి వచ్చింది. నేడు అవి రెండు వేర్వేరు ద్వారాలు. రాటర్‌డామ్‌లో దించి అక్కడి నుంచి కొంత లండన్‌కు మళ్లించే పాత పద్ధతికి ఇప్పుడు రెండో విడత పత్రాలు కావాలి. పురుగుమందుల అవశేషాల పరిమితులకు కూడా 2021 నుంచి బ్రిటన్ తన సొంత పట్టిక నిర్వహిస్తున్నది. వరిలో అగ్గితెగులుకు మన రైతులు వాడే ట్రైసైక్లజోల్ పరిమితిని ఐరోపా 2017 నాటి నిబంధనతో కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించినప్పుడు బియ్యం ఎగుమతిదారులు పడిన ఇబ్బంది తెలిసినదే. ఇకపై అటువంటి మార్పులను రెండు చోట్ల చూసుకోవాలి. 2025 జూలై 24న సంతకమైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందం సుంకాలను తగ్గించేందుకు ఉద్దేశించినది, ఈ రెండో పట్టికను అది తొలగించదు.

చిన్న కమతాల రైతులు ఎగుమతికి కలిసి పంపడమే దారి అన్న సలహా రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు తరచుగా ఇస్తున్నాము. సలహా మంచిదే. కాని పైన చెప్పిన గణితం ఇక్కడా వర్తిస్తుంది. నలభై మంది రైతుల మిర్చిని ఒకే రాశిగా కలిపితే, ఒక్కొక్కరు నూటికి 98 వంతులు నియమం పాటించినా, కంటైనరు మొత్తం సాఫీగా దాటే అవకాశం సగానికి తక్కువ. స్కాట్లాండ్ రొయ్యల లారీలో ఏం జరిగిందో గుంటూరు మిర్చి కంటైనరులో అదే జరగవచ్చు. కలిపి పంపడం వేరు, కలిపి రాశి పోయడం వేరు. సరుకును రైతువారీగా లేదా సాగు పద్ధతి ఒకటిగా ఉన్న చిన్న గుంపులవారీగా సంచులు కట్టి, లాటు సంఖ్య వేసి, పిచికారీ తేదీలు, మందు పేరు, కోతకు ముందు విడిచిన రోజులు నమోదు చేసి, కలపక ముందే నమూనా తీసి పరీక్షిస్తే, ఒకరి లోపం ఒకరి లాటుతోనే ఆగిపోతుంది. పరీక్షల ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చును సంఘం భరించాలా, కొనుగోలుదారు భరించాలా అన్నది బేరంలో ముందే తేల్చుకోవలసిన విషయం. క్షేత్ర డైరీ రాయించడం విస్తరణ సిబ్బందికి విసుగు పుట్టించే పని అన్నది నిజమే. అయినా విండ్సర్ లేబులు వెనుక ఉన్నది కూడా అటువంటి డైరీయే.

2025 మే 19న లండన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో బ్రిటన్, ఐరోపా సమాఖ్య ఉమ్మడి ఆహార, మొక్కల ఆరోగ్య ఒప్పందం దిశగా పనిచేయాలని నిశ్చయించుకొన్నాయి. ఐరోపా నియమాలను, వాటిలో వచ్చే మార్పులను బ్రిటన్ అనుసరిస్తుంది, ప్రతిగా ధ్రువపత్రాలు, తనిఖీలు చాలావరకు తొలగుతాయి. 2021లో ఒప్పుకోని షరతే ఇది. ఒప్పందం అమలైతే స్కాట్లాండ్ విత్తన దుంప మళ్లీ సముద్రం దాటవచ్చు. ఈలోగా ఐర్లండ్ రైతులు తమ విత్తనాన్ని తామే పెంచుకోవడం మొదలుపెట్టారు, రాస్‌లేర్ ఓడలు నిండుగా నడుస్తున్నాయి. పాత కొనుగోలుదారులు వెంటనే తిరిగి వచ్చినా, వారికి అమ్మవలసిన దుంపను స్కాట్లాండ్ రైతు ఆ రోజుకు కొన్నేళ్ల ముందే నాటి ఉండాలి.